లష్కరు పల్లెల లెక్క తేలేదెప్పుడు?

సికింద్రాబాదును చుట్టుపక్కల పల్లెల్లోని పెద్దవాళ్లు ఇప్పటికీ లష్కరు అనే పిలుస్తారు. శామీర్‌పేట, మేడ్చల్ వైపు నుంచి కూరగాయల మూటతో బస్సెక్కిన మనిషిని ఎక్కడికని అడిగితే "లష్కరుకు" అనే జవాబు వస్తుంది. లష్కరంటే ఫౌజు, దండు. ఊరికి నిజాము ప్రభువు తన పేరు పెట్టుకున్నాడు. జనం మాత్రం ఆ ఊరు దేనికోసం పుట్టిందో దాన్నే పేరుగా నిలుపుకున్నారు. ఆషాఢంలో బోనాలు వస్తే వాటినీ లష్కర్ బోనాలనే అంటారు.

ఈ లష్కరులో నేటికీ మిలటరీ వారి ఏలుబడి కింద ఉన్న భాగమే కంటోన్మెంటు. బోయిన్‌పల్లి, పికెట్, కార్ఖానా, తిరుమలగిరి, బొల్లారం, ఇంకా అనేక బస్తీలు అందులోవే. విస్తీర్ణం సుమారు 40 చదరపు కిలోమీటర్లు, జనాభా 2011 లెక్కల ప్రకారం రెండు లక్షలు దాటింది. దేశంలోని కంటోన్మెంట్లలో జనం ఉండే ప్రాంతాలను విడదీసి పక్కనున్న పురపాలక సంస్థలలో కలపాలని కేంద్ర రక్షణ శాఖ 2023లో తలపెట్టింది. అదే ఏడాది ఏప్రిల్‌లో హిమాచల్ ప్రదేశ్‌లోని యోల్ కంటోన్మెంటు రద్దయింది. సికింద్రాబాదుకూ అదే దారి అన్నారు. కమిటీలు కూర్చున్నాయి, లేఖలు నడిచాయి.

విలీనం మంచిదా చెడ్డదా అన్న వాదన బాగానే సాగుతోంది. పన్ను పెరుగుతుందా తగ్గుతుందా, నీళ్లు వస్తాయా రావా అన్న లెక్కలు ప్రతి టీ కొట్టు దగ్గరా వినిపిస్తాయి. వీటన్నిటికంటే ముందు తేలవలసిన లెక్క ఒకటుంది. రెండు వందల ఏళ్లకు పైగా ఈ దండును మోసిన, మేపిన, నిలబెట్టిన జనానికి తాము కాపురముంటున్న నేల మీద ఏ హక్కు ఉన్నట్టు? దాన్ని తేల్చకుండా గీత ఇటునుంచి అటు జరిపితే మారేది బోర్డు మీది పేరు ఒక్కటే.

దండు ఎట్లా దిగింది

1798లో నిజాం అలీఖాన్ ఈస్టిండియా కంపెనీతో సైన్య సహకార ఒడంబడిక చేసుకున్నాడు. కంపెనీ పటాలాలు నిజాం రాజ్యంలో ఉంటాయి, వాటి ఖర్చు నిజాం భరించాలి. 1800లో మరో ఒడంబడిక జరిగింది. ఆ ఖర్చు కింద బళ్లారితో సహా నేటి రాయలసీమలో చాలా భాగాన్ని కంపెనీకి ఇచ్చేశాడు. దత్తమండలాలన్న మాట అట్లా పుట్టిందే. హుస్సేన్ సాగర్ గట్టు అవతల సిపాయి తిన్న అన్నానికి కడప రైతు, అనంతపురం రైతు కట్టిన శిస్తు చెల్లింది. ఈ సంగతి అటు సీమవారికీ ఇటు తెలంగాణవారికీ అంతగా గుర్తులేదు.

ఆ పటాలాలు హుస్సేన్ సాగర్‌కు ఉత్తరాన, అల్వాల్ వైపు సాగే మైదానంలో గుడారాలు వేశాయి. 1806లో మూడవ నిజాం సికందర్ జా పేరు మీద ఆ దండుకు సికింద్రాబాదన్న పేరు వచ్చింది. ఉత్తరాన మరికొంత దూరంలో బొల్లారం వద్ద ఇంకో దండు వెలిసింది. అది నిజాం సొంత ఖర్చుతో ఇంగ్లీషు దొరల పెత్తనం కింద నడిచిన హైదరాబాద్ కాంటింజెంట్. దాని జీతాల బాకీ తడిసి మోపెడై, 1853లో బేరారు సీమ కూడా నిజాం చేయి జారింది. దండును ఇంట్లో పెట్టుకున్నవాడికి దాని ఖర్చు ఎంత దూరం పోతుందో ఈ రెండు సీమలే సాక్ష్యం.

దొరలు దిగినది చీమ చిటుక్కుమనని అడవిలో కాదు. అల్వాల్, తిరుమలగిరి, మారేడుపల్లి, మల్కాజిగిరి అన్నీ పల్లెలే. చెరువులు, తాటివనాలు, పశువులు మేసే బీళ్లు ఉన్న నేల అది. ఫౌజుకు కావలసింది సరిగ్గా అటువంటి నేలే. నీళ్లు దగ్గరగా ఉండాలి, గుర్రాలకు గడ్డి దొరకాలి, కవాతుకు చదును నేల కావాలి. నిజాం ప్రభువు ఆ నేలను కంపెనీ వాడకానికి విడిచిపెట్టాడు. నేటి తగాదాకు విత్తనం అక్కడే పడింది.

సిపాయి ఒక్కడు, వెంట పదిమంది

ఆ కాలపు పటాలంలో తుపాకి పట్టినవాడి కంటే వెంట నడిచేవాళ్లే ఎక్కువ. గుర్రపు పటాలమైతే గుర్రాన్ని మాలీషు చేసే సైసు, దానికి గడ్డి కోసి తెచ్చే మనిషి వేరువేరుగా ఉండాలి. తోలుతిత్తితో నీళ్లు మోసే భిస్తీ, బట్టలుతికే చాకలి, జీనులు కుట్టే మాదిగ, లాడాలు కొట్టే కమ్మరి, గాయపడినవాణ్ణి డోలీలో మోసే బోయీ, దొరగారింట వంటవాడు, బిడ్డను ఆడించే ఆయా అందరూ ఉండాలి. వీరుగాక బియ్యం, పప్పు, నెయ్యి అమ్మే కోమటి, అప్పులిచ్చే మార్వాడీ, సారా కాంట్రాక్టు పట్టిన పార్సీ. మద్రాసు పటాలాలతో వచ్చిన మొదలియార్లు, ఉత్తర సర్కారుల నుంచి వచ్చిన తెలుగు సిపాయిలు సరేసరి.

ఊళ్ల పేర్లు చూస్తే చాలు, చరిత్ర పుస్తకం తిరగేయనక్కరలేదు. పటాలపు అంగడి రెజిమెంటల్ బజారైంది. కావలివాళ్లు నిలిచిన చోటు పికెట్, బండ్లూ సామానూ తయారైన చోటు కార్ఖానా. రవాణా పశువులు కట్టేసిన వరుసలు ట్రాన్స్‌పోర్ట్ లైన్స్ అయ్యాయి. భోయీగూడ పేరులోనే పల్లకీ కొమ్ము భుజానికెత్తుకున్నవాళ్లు కనిపిస్తారు. వీధులకు జేమ్స్, కింగ్ అని దొరల పేర్లు పెట్టారు, తరువాత దేశనాయకుల పేర్లు పెట్టి మార్చారు. కూలివాళ్లు కాపురమున్న పేటలకు మాత్రం వాళ్లు చేసిన పనే పేరై నిలిచింది. ఆ పేర్లను మార్చాలని ఎవరికీ తోచలేదు.

చుట్టుపక్కల పల్లెల సంగతి వేరుగా చెప్పాలి. తెల్లవారుజామున పాలు, కూరలు, కట్టెలు, గడ్డిమోపులు నెత్తిన పెట్టుకుని లష్కరుకు నడిచి, మధ్యాహ్నానికి పైసలతో తిరిగి రావడం ఈ ప్రాంతంలో తరాల అలవాటు. నిజాం ఇలాకాలో దొర గడీకి వెట్టి చేసేవాడికి లష్కరులో కూలి పైసల్లో ముట్టేది. ఆ ఒక్క తేడా వల్లనే ఎన్నో కుటుంబాలు పల్లె విడిచి బారకాసుల పక్కన గుడిసె వేసుకున్నాయి. కూలి రొక్కంగా ఇచ్చినంత మాత్రాన దొరతనం మంచిదైపోలేదు. అయినా వెట్టి తెలిసినవాడికి ఆ పైస విలువ తెలుసు.

పాత మోండా మార్కెట్ దండు ఆకలికి పుట్టిన అంగడే. టోకు కూరగాయల వ్యాపారం తరువాత బోయిన్‌పల్లి యార్డుకు తరలింది. రైతు మాత్రం ఎప్పటిలాగే లష్కరు దారినే పడుతున్నాడు.

డోలీ మోసినవాడు తెచ్చిన తల్లి

లష్కరును దొరలే కట్టారని అనుకునేవాళ్లు ఉజ్జయినీ మహంకాళి గుడి కథ ఒకసారి తలచుకోవాలి. సురిటి అప్పయ్య అనే ఆయన మిలటరీలో డోలీ మోసే పనివాడు. 1813లో ఆయన పటాలంతో పాటు ఉజ్జయినికి వెళ్లాడు. ఆ రోజుల్లోనే ఇక్కడ కలరా సోకి జనం రాలిపోతున్నారన్న కబురు అందింది. అమ్మవారు చల్లగా చూస్తే ఊళ్లో ప్రతిష్ఠ చేస్తానని అప్పయ్య మొక్కుకున్నాడట. 1815లో తిరిగి వచ్చి, కట్టెతో చేసిన అమ్మవారి విగ్రహాన్ని నిలిపాడని ఆలయ చరిత్ర చెబుతుంది.

నేడు ఆషాఢంలో ఆ గుడికి లక్షల మంది బోనమెత్తి వస్తారు. ముఖ్యమంత్రులు పట్టుబట్టలు తెస్తారు. మరునాడు పచ్చికుండ మీద నిలబడి రంగం చెబితే ఊరు ఊరంతా చెవులు రిక్కించి వింటుంది. ఆ కాలంలో దండును ఏలిన జనరల్ పేరేమిటని అడిగితే చెప్పగలవాళ్లు లష్కరులో పదిమంది ఉంటారో లేదో. డోలీ మోసిన అప్పయ్య పేరు చెప్పగలవాళ్లు మాత్రం వీధికి ఒకరు ఉంటారు.

ఇటువంటిదే ఇంకో సంగతి. దోమ వల్ల మలేరియా వ్యాపిస్తుందనడానికి తొలి ఆధారం దొరికింది బేగంపేటలో. 19వ మద్రాసు పదాతి పటాలానికి డాక్టరుగా వచ్చిన రోనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న దోమ కడుపులో మలేరియా పురుగును చూశాడు. 1902లో ఆయనకు నోబెల్ బహుమానం వచ్చింది. ఆ దోమలు ఎవరి రక్తం తాగాయి? హుస్సేన్ ఖాన్ అనే రోగి రక్తం. కుట్టిన దోమకు అణా చొప్పున ఆయనకు ముట్టింది. రాస్ పేరు బడి పుస్తకాలలోకి ఎక్కింది. హుస్సేన్ ఖాన్ ఏ బస్తీవాడో, తరువాత ఏమయ్యాడో ఎవరూ పట్టించుకోలేదు.

కోట గోడ, రైలు పట్టా

1855లో మొహర్రం రోజుల్లో బొల్లారం దండులోని గుర్రపు సిపాయిలు తమ బ్రిగేడియరు కాలిన్ మెకంజీ మీదనే కత్తి దూశారు. ఊరేగింపుల మీద ఆయన పెట్టిన ఆంక్షలే కారణం. రెండేళ్లకు, 1857 జూలై 17న, తుర్రెబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్‌ల నాయకత్వంలో జనం కోఠీలోని రెసిడెన్సీ మీద పడ్డారు. తుర్రెబాజ్ ఖాన్‌ను 1859లో చంపారు, మౌల్వీని అండమానుకు పంపారు. ఆ భయంతోనే తిరుమలగిరిలో చుట్టూ గోడ, కందకం ఉన్న కోట లేచింది. అంతవరకు ఎండకు, వానకు ఒక్కచోటే ఉన్న దొరకూ దండు జనానికీ మధ్య అప్పుడు గోడ వచ్చింది. నేడు గేట్ల దగ్గర కనిపించే ముళ్లకంచె ఆ గోడకు మనవరాలే.

1874లో వాడి నుంచి రైలు వచ్చింది. 1893లో లాలాగూడ వర్క్‌షాపు నిలిచింది. దాంతో దండు ఊరు రైలు ఊరు కూడా అయింది. మెట్టుగూడ, చిలకలగూడ ఇళ్లల్లో తండ్రి ఫౌజులో, కొడుకు రైల్వేలో ఉన్న కుటుంబాలు ఎన్నో. అంతకుముందే 1862లో సోమసుందరం మొదలియారు పెట్టిన బడి మహబూబ్ కళాశాలగా పెరిగింది. స్వామి వివేకానంద అమెరికా వెళ్లబోయే ముందు 1893 ఫిబ్రవరి 13న అక్కడే ప్రసంగించారు. దండు వెంట వచ్చిన కుటుంబాలే బడులు కట్టాయి, గుళ్లు, మసీదులు, చర్చీలు కట్టాయి. ఫౌజు బదిలీ అయి పోతుంది, మరో ఫౌజు వస్తుంది. ఈ జనం బదిలీ కాలేదు.

1945లో ఒకసారి పంచారు

నేడు విలీనం అంటే కొత్త మాటలాగా భయపడనక్కరలేదు. 1945లోనే ఒకసారి పంపకం జరిగింది. అంతవరకు బ్రిటిషు అధికారం కింద ఉన్న సికింద్రాబాదు బజార్లు, పేటలు నిజాం సర్కారుకు తిరిగి వచ్చాయి. ఊరికి మునిసిపాలిటీ ఏర్పడింది. 1950లో అది కార్పొరేషన్ అయింది, 1960లో హైదరాబాదు కార్పొరేషన్‌లో కలిసింది. బజార్లు అటు పోయాయి. బోయిన్‌పల్లి, తిరుమలగిరి, బొల్లారం ప్రాంతాలు కంటోన్మెంటుగా ఇటు మిగిలాయి.

1948 సెప్టెంబరులో పోలీసు చర్య జరిగింది. బ్రిటిషు ఫౌజు ఉన్న బారకాసుల్లోకి భారత సైన్యం వచ్చింది. బొల్లారంలోని రెసిడెన్సీ భవనం రాష్ట్రపతి నిలయమైంది. 2023 మార్చి నుంచి దాన్ని ఏడాది పొడుగునా జనం చూడవచ్చు. ఎ.ఒ.సి. సెంటరు, ఇ.ఎం.ఇ. సెంటరు వంటి పెద్ద సైనిక సంస్థలు వేళ్లూనుకున్నాయి. దేశం మనదైంది, సైన్యం మనదైంది. కంటోన్మెంటు భూమి రిజిస్టరులోని గీతలు మాత్రం దొరలు గీసినవి గీసినట్టే ఉండిపోయాయి.

ఇల్లు నీది, నేల సర్కారుది

ఇప్పుడు అసలు చిక్కు. కంటోన్మెంటులో ఏ స్థలం ఎవరిదో జనరల్ ల్యాండ్ రిజిస్టరు చెబుతుంది. వాడుకలో జీఎల్ఆర్ అంటారు. గ్రామంలో పట్టాదారు పాసు పుస్తకానికి ఉన్న విలువ అక్కడ జీఎల్ఆర్‌కు ఉంది. అందులో భూములను తరగతులుగా రాస్తారు. సైన్యం నేరుగా వాడుకునేవి ఎ తరగతి. బోర్డుకు అప్పగించినవి సి తరగతి. వీటి నడుమ బి తరగతి ఉంది, అందులో మళ్లీ ఒకటి నుంచి నాలుగు దాకా ఉన్నాయి. తగాదా అంతా ఎక్కువగా ఈ బి మూడు, బి నాలుగుల దగ్గరే.

బి మూడు కింద ఉన్నవాడు ఇల్లు కట్టుకుంటాడు, పన్ను కడతాడు, కొడుకుకు పంచి ఇస్తాడు. నేల మీద యాజమాన్యం మాత్రం కేంద్ర సర్కారుదే. ఓల్డ్ గ్రాంటు అనే పాత షరతు ప్రకారం సర్కారు నెల రోజుల నోటీసు ఇచ్చి, కట్టడం ఖరీదు చెల్లించి, ఆ స్థలం వెనక్కు తీసుకోవచ్చు. గోడలకు ధర కడతారు, నేలకు కట్టరు. కంపెనీ కాలంలో దండు కదిలినప్పుడల్లా బంగళా ఖాళీ చేయించడానికి పెట్టుకున్న నిబంధన ఇది. ఒక దొర పోయి మరో దొర వచ్చే బంగళాకు అది సరిపోయి ఉండవచ్చు. నాలుగు తరాలుగా కాపురమున్న కుటుంబానికి అదే నిబంధన అంటే మెడ మీద కత్తి ఆడుతున్నట్టే. బి నాలుగు అంటే ఖాళీ భూమి అని రిజిస్టరు మాట. రిజిస్టరులో ఖాళీ అని రాసి, నేల మీద గుడిసెలతో నిండిన బస్తీ ఉంటే అక్కడివాడికి కరెంటు మీటరు దగ్గర నుంచి బ్యాంకు అప్పు వరకు ప్రతిదీ గండమే.

ఈ సంగతి పల్లె రైతుకు వివరించి చెప్పనక్కరలేదు. ఏళ్ల తరబడి దున్నుకున్న భూమి రికార్డులో పోరంబోకుగా ఉంటే ఎట్లా ఉంటుందో వాడికి తెలుసు. పహణీలో ఒక పేరు, పొలంలో ఒక మనిషి ఉండి చెప్పులరిగేలా తహసీలు చుట్టూ తిరిగినవాళ్లు ఈ జిల్లాలో ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. కంటోన్మెంటులో తేడా ఒక్కటే. అక్కడ తిరగవలసింది తహసీలు చుట్టూ కాదు. డిఫెన్స్ ఎస్టేట్స్ ఆఫీసు, బోర్డు ఆఫీసు, ఆపైన ఢిల్లీ.

ఈ చిక్కు ఇప్పుడు ముదరబోతోంది. రాజీవ్ రహదారి మీద, నాగ్‌పూరు దారిలో ఎత్తు వంతెనలు కట్టడానికి తన భూములు ఇచ్చేందుకు రక్షణ శాఖ 2024 మార్చిలో సమ్మతించింది. శామీర్‌పేట, మేడ్చల్ ప్రజలకు ఇది మేలే. అల్వాల్, కార్ఖానాల మీదుగా జూబ్లీ బస్ స్టేషను చేరడానికి పొద్దున పూట పడే పాట్లు పడేవారికే ఎరుక. దారి వెడల్పు చేస్తే పక్కనున్న ఇల్లు, దుకాణం కొంత పోక తప్పదు. పట్టా ఉన్నవాడికి నేలకూ ధర వస్తుంది. పాత షరతు కింద ఉన్నవాడికి ఇటుకల ధర చేతిలో పెడితే అడిగే నాథుడెవరు? రెండిళ్లు పక్కపక్కనే ఉంటాయి. ఒకే రోజు కూలుతాయి. ఒకడు మళ్లీ స్థలం కొనుక్కుంటాడు, రెండోవాడు అద్దె ఇంటికి పోతాడు.

ఓటు లేదు, దారి లేదు

కంటోన్మెంటును నడిపేది బోర్డు. దాని అధ్యక్షుడు సైన్యాధికారి. సగం సభ్యులు సైన్యం, సర్కారు తరఫువారు, ఎనిమిది వార్డుల నుంచి ఎనిమిది మందిని జనం ఎన్నుకోవాలి. చివరిసారి ఎన్నుకున్నది 2015 జనవరిలో. ఆ పాలకవర్గం గడువు, పొడిగింపు కలుపుకుని, 2021 ఫిబ్రవరితో ముగిసింది. 2023 ఏప్రిల్ 30న ఎన్నికలని ఫిబ్రవరిలో ప్రకటించి, మార్చిలో రద్దు చేశారు. విలీనం కాబోతుంటే ఎన్నికలెందుకని కారణం. విలీనం తేలనూ లేదు, ఎన్నికలు జరగనూ లేదు. శాసనసభకు, లోక్‌సభకు ఓటు వేసే మనిషి తన వీధి మోరీ గురించి అడగడానికి వార్డు సభ్యుడు లేకుండా ఉండిపోయాడు. వేరే ఏ పంచాయతీలోనైనా సర్పంచి లేకుండా ఇన్నేళ్లు గడిస్తే ఊరు ఊరుకునేదా?

దారుల తగాదా ఇంకో పాత పుండు. మల్కాజిగిరి, నేరేడ్‌మెట్, యాప్రాల్ వైపు నుంచి సికింద్రాబాదుకు దగ్గరి దారులు ఎ.ఒ.సి. ప్రాంతం గుండా పోతాయి. ఆ గేట్లు ఒకప్పుడు తెరుస్తారు, ఒకప్పుడు మూస్తారు. 2018 మేలో దేశమంతటా కంటోన్మెంటు దారులు తెరవాలని రక్షణ మంత్రి ఆదేశించారు. కరోనా రోజుల్లో మళ్లీ మూశారు. 2022 మార్చిలో ఈ దారుల మీద శాసనసభలోనే మంత్రి, సైన్యానికి నీళ్లు, కరెంటు ఆపుతామన్నంత దూరం పోయారు. ఆ మాట తగదు. సైన్యానికి నీళ్లు ఆపితే దారి తెరుచుకోదు, మనసులు మూసుకుంటాయి. ఇటు సైనికాధికారులూ ఒకటి గమనించాలి. 2006 కంటోన్మెంట్ల చట్టం 258వ సెక్షను ప్రకారం దారి మూయాలంటే ముందు నోటీసు ఇచ్చి జనం అభ్యంతరాలు వినాలి. చట్టం దొరల కాలపుది కాదు, స్వతంత్ర దేశపు పార్లమెంటు చేసిందే.

సైన్యం వైపు మాట లేదని కాదు. ఆయుధాల డిపో పక్కనుంచి ఆటోలు, లారీలు పోవడం ఏ దేశమూ ఒప్పుకోదు. కాపలా జవాను నిలబడేది తన సుఖం కోసం కాదు. ఆ జవాన్లలో ఈ జిల్లా పల్లెల పిల్లలూ ఉన్నారు. ఇంకో న్యాయం కూడా ఒప్పుకోవాలి. నగరం చుట్టూ చెరువులు, గుట్టలు, బీళ్లు ప్లాట్లయి పోతున్న కాలంలో కంటోన్మెంటులోని మైదానాలు, చెట్లు మిగిలాయంటే అది ఫౌజు కంచె పుణ్యమే. రేపు గీత జరిగితే ముందుగా వాలేది రియల్ ఎస్టేటు గద్దలు. శామీర్‌పేట రైతు కళ్లముందే ఎకరాలు గజాలైపోయిన తీరు చూశాక ఈ భయం వట్టిదని ఎవరూ అనలేరు.

అందుకే తొందర పనికిరాదు, నాన్చుడూ పనికిరాదు. యోల్‌లో చేసినట్టు ఒక్క నోటిఫికేషనుతో ముగించడానికి ఇది చిన్న ఊరు కాదు. భూమి యాజమాన్యం కేంద్రం దగ్గరే ఉంచుకుని చెత్త ఎత్తడం, దీపాలు వెలిగించడం మాత్రం నగర సంస్థకు అప్పగిస్తే, పాత చిక్కు అలాగే ఉండి, పన్ను కట్టే కిటికీ మాత్రం మారుతుంది. కేంద్ర ఆస్తులకు పన్ను లేదు కనుక వాటి బదులు రావలసిన సేవా రుసుము సకాలంలో అందదన్నది బోర్డు పాత మొర. ఆ బాకీలు ఎవరు వసూలు చేస్తారో, ఎవరికి చెందుతాయో కూడా కాగితం మీద రాయాలి.

గీత గీసే ముందు జరగవలసిన పని జీఎల్ఆర్‌ను నేల మీదికి తేవడం. రిజిస్టరులో ఏముందో, స్థలంలో ఎవరున్నారో ఇంటింటా సర్వే చేసి పోల్చాలి. కాపురముంటున్న బి మూడు స్థలాలను న్యాయమైన రుసుము మీద పూర్తి హక్కుగా మార్చాలి. బి నాలుగు కింద ఉన్న బస్తీలకు ఉన్నచోటే పట్టాలివ్వాలి. మైదానాలను, చెరువు శిఖాలను, చెట్లున్న నేలను ఎవరికీ అమ్మకూడదని అదే ఉత్తర్వులో రాయాలి. విస్తరణలో ఇల్లు పోయేవాడికి పరిహారం ఏ తరగతి అన్నదాన్ని బట్టి కాక, ఎన్నేళ్లుగా ఉన్నాడన్నదాన్ని బట్టి కట్టాలి. ఆగిన వార్డు ఎన్నికలు ఈలోగా జరపాలి. లేకపోతే ఈ బేరంలో జనం తరఫున కూర్చునేవాడే ఉండడు.

ఇవన్నీ ఢిల్లీలో, సచివాలయంలో తలుపులు మూసి రాసుకునే మాటలు కాకూడదు. వార్డు వారీగా సభ పెట్టి, రిజిస్టరులోని ప్రతి ఇంటి వివరం తెలుగులో, ఉర్దూలో, తమిళంలో చదివి వినిపించాలి. తిరుమలగిరిలో, బొల్లారంలో, బోయిన్‌పల్లిలో ఆ చదువు పూర్తయి, అభ్యంతరాలు రాసుకున్న తరువాతనే కొత్త సరిహద్దు రాళ్లు పాతాలి.